ఎర్ర దారం, పచ్చ దారం

తొడల మీదికి చల్లదనం దిగుతోంది. ఈ థర్మోకోల్ డబ్బా అడుగున ఎక్కడో సన్నని పగులు ఉండి తీరాలి, లేకపోతే ధర్మవరం బస్టాండులో పొడిగా ఉన్న ప్యాంటు ఊరి పొలిమేర దాటకముందే ఇలా తడవదు. మూత చుట్టూ ఇంత శ్రద్ధగా టేపు చుట్టినవారు అడుగును తిప్పి చూసి ఉండరు, లేదా చూసి, గంట ప్రయాణానికి ఏమవుతుందిలే అనుకొని ఉంటారు. నేను రెండో మాటనే నమ్ముతాను. అజాగ్రత్తకు రెండు కారణాలు కనిపించినప్పుడు మనిషికి తక్కువ గౌరవం ఇచ్చే కారణమే తరచుగా నిజమవుతుందని నా అనుభవం. కిటికీ పక్క సీటు దొరికింది, ఎండ అటువైపు నుంచే కొడుతోంది, డబ్బాను నీడ ఉన్న తొడ మీదికి జరిపాను, లోపల ఐసు ముక్కలు గలగలమన్నాయి. వాటి మధ్య రెండు చిన్న గాజు సీసాలు దూదిలో పడుకొని ఉన్నాయి. ఒకదాని మెడకు ఎర్ర పట్టుదారం, ఇంకొకదాని మెడకు పచ్చ పట్టుదారం. ఒకదానిలో బ్యాక్టీరియాను చంపే వైరస్ ఉంది. ఇంకొకదానిలో ఉత్త ఉప్పునీళ్లు ఉన్నాయి. ఏది ఏదో నాకు తెలియదు. తెలియకూడదని అడిగింది నేనే.

అనంతపురంలో, ఆసుపత్రి మేడ మీది వార్డులో, నా భార్య ఈశ్వరి కుడి పాదం ఈపాటికి దిండు మీద ఎత్తిపెట్టి ఉంటుంది. చక్కెర జబ్బు ఆమె పాదాలలోని స్పర్శను ఎప్పుడో హరించింది కాబట్టి ఆ పుండ్లు ఏనాడు పుట్టాయో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఒకటి బొటనవేలి మొదట్లో, ఇంకొకటి మడమ కింద. రెండింటిలోనూ ఒకే బ్యాక్టీరియా; కట్టు విప్పితే పచ్చటి రసి, బాగా మాగిన ద్రాక్షపండ్ల వాసన, పరీక్షించిన ఏ యాంటీబయాటిక్‌కూ లొంగదన్న ల్యాబు నివేదిక. డాక్టర్ నాగేశ్వర మొహమాటం లేని మనిషి. "ముందరి పుండు ముదిరితే వేలు తీసేస్తాం సార్, ఆమె నడుస్తాది. మడమ పోతే మాత్రం మోకాలి కింద తీసేయాల్సిందే" అన్నాడు. ఆపరేషన్‌ను ఒక వారం వెనక్కి జరిపి, అంతకు మించి జరపలేనని కూడా అన్నాడు. ఈశ్వరి పెళ్లికి ముందు ధర్మవరంలో వాళ్ల నాయన మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చున్న మనిషి. మగ్గం మాని ఇన్నేళ్లయినా, పత్రిక చదువుతూ కుర్చీలో కూర్చుంటే ఆమె పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కుతూనే ఉంటాయి. ఆ చప్పుడు విని విని, దానిని ఇంటి గోడ గడియారం చప్పుడుగా భావించడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఆమె ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి ఇంట్లో ఏదో ఆగిపోయిందని అనిపిస్తోంది, గడియారం మాత్రం సరిగ్గానే నడుస్తోంది.

సీసాలు ఇచ్చిన హేమావతి ఒకప్పటి నా విద్యార్థిని. నేను కళ్యాణదుర్గం జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో కంబదూరు నుంచి బస్సులో వచ్చి చదువుకుంది. ఇప్పుడు బెంగుళూరులో ఒక పరిశోధనశాలను నడుపుతోంది. బ్యాక్టీరియా, వాటిని వేటాడే వైరస్‌లు, అదే ఆమె లోకం. ఆ వైరస్‌లను ఫేజ్‌లంటారు. బ్యాక్టీరియా ఎక్కడ కిటకిటలాడితే అవీ అక్కడే ఉంటాయి కాబట్టి, లోకమంతా పేరు మోసిన ఈ శాస్త్రవేత్త మురుగుకాల్వల వెంట తిరుగుతుంది. ఇవాళ ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే వీధి వెనక, ఒక గడియ ఎర్రగా ఒక గడియ నీలంగా పారే కాల్వలో, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కొని నిలబడి, తాడు కట్టిన డబ్బాతో నీళ్లు తోడుతూ కనిపించింది. నన్ను చూసి గట్టుకు వచ్చింది. "మేడమ్ గారి మందు యాడ దొరికిందో తెలుసా సార్? ఆ ఆసుపత్రి వెనక కాల్వలోనే. జబ్బు చేసిందీ ఆడిదే, దాన్ని తినేదీ ఆడిదే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆసుపత్రి వెనక కాల్వలో మందు దొరకడం ఎంత సహజమో నాకు తెలుసు, అయినా మరీ అందంగా అమరిన సంగతులను చూస్తే నాకు మొదటి నుంచీ అనుమానం.

"మీరు అడిగినట్టే రెండు చేసినాను సార్" అంది డబ్బా అందిస్తూ. "ఎర్ర దారం మడమకు, పచ్చ దారం వేలి దగ్గరికి. నాణెం ఎగరేసే తేల్చినాను, మీరు నేర్పినట్టే."

"నువ్వు చూసుకొని పెట్టలేదు కదా?"

"నాణేన్నే అడగండి సార్" అంది, ఈసారి నవ్వకుండా. "మార్చొద్దు, కలపొద్దు. కలిపితే పలచనైపోతాది. పలచగా పోతే బ్యాక్టీరియా తప్పించుకోను నేర్చుకుంటాది. ఇంకోసారి చేయాలంటే నాకు నెల పడతాది, ఆమెకు అంత టైము లేదు."

ఆ మాటలు నిజమా, నా చేతులు కట్టివేయడానికి అన్నదా? వైరస్ తన ఆహారం దొరికిన చోట తానే పెరుగుతుందని ఆమె వ్యాసాల్లోనే ఉంది కదా, రెండు సీసాలూ కలిపి సగానికి తగ్గితే ఏమవుతుంది? మెల్లగా పెరిగేలోపు శత్రువుకు సమయం దొరుకుతుంది, అదీ ఆమె వ్యాసాల్లోనే ఉంది. అన్నిటికీ ఆమె వ్యాసాల్లోనే జవాబు ఉంది. ఒకే మనిషి రాసిన దానితో ఆ మనిషి చెప్పినదాన్ని సరిచూడటం తనిఖీ ఎలా అవుతుంది?

పోయిన ఏడాది పత్రికలో ఆమె ఫొటో వచ్చింది. పరిశోధనను అత్యధికంగా ప్రభావితం చేస్తున్న శాస్త్రవేత్తల పట్టికలో మన జిల్లా ఆడబిడ్డ అని. ఇంటికి వచ్చిన ప్రతివాడూ ఆ పత్రిక నా చేతికిచ్చాడు. ప్రభావం అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. దాన్ని ఎలా కొలిచారు? ఆమె వ్యాసాన్ని ఎందరు తమ వ్యాసాల్లో ఉటంకించారన్నదే కొలత. ఎందరు ఆమె పేరు రాశారో లెక్కించవచ్చు. ఎందరు చదివి రాశారో ఎవరూ లెక్కించలేదు. ఆమె చెప్పింది తప్పని రాసినవాడి రాత కూడా ఆమె పుణ్యంలోనే జమ అవుతుంది. ఆమె శిష్యులు ఉటంకిస్తారు, శిష్యుల శిష్యులు ఉటంకిస్తారు, ముందు ఎక్కువమంది ఉటంకించారు కాబట్టి ఇంకా ఎక్కువమంది ఉటంకిస్తారు. బాబాల చుట్టూ జనం పోగయ్యే తీరు ఇంతకంటే భిన్నంగా ఉంటుందా? భక్తుల సంఖ్యను చూపి మహిమను రుజువు చేయబోయిన వారితో నేను నా ఉద్యోగకాలమంతా పోట్లాడాను. అందుకే కూర్చొని, ఆమె వ్యాసాలు తెప్పించుకొని, నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. తప్పు దొరకలేదు. తప్పు దొరకలేదన్నంత మాత్రాన ఒప్పని కాదు, నాకు దొరకలేదని మాత్రమే. అదే పత్రికలో, చివర, మిమ్మల్ని ప్రభావితం చేసిందెవరని అడిగినప్పుడు, కళ్యాణదుర్గంలో జంతుశాస్త్రం చెప్పిన సారు, అనుమానించడం నేర్పింది ఆయనే అని ఆమె అన్నట్టు ఉంది. నా పేరు వేయలేదు. ఇలాంటి ప్రశ్నకు ఎవరైనా ఒక పాత ఉపాధ్యాయుణ్ణి తలచుకోవడం రివాజు, అందులో నిజమెంతో మర్యాద ఎంతో చెప్పలేం. ఆ వాక్యం ఉన్న కాగితం మాత్రం నా బీరువాలో ఉంది.

రోడ్డుకు రెండు వైపులా బుడ్డల చేలు, అంటే వేరుశనగ. వర్షం ఈసారి కూడా మొలకలదాకా తోడు వచ్చి ఆగిపోయినట్టుంది, సాళ్ల మధ్య ఎర్రమట్టి ఎక్కువగా, ఆకు తక్కువగా కనిపిస్తోంది. దూరాన గుట్ట మీద గాలిమరలు తిరగడం లేదు. హేమావతి తేల్చిన సంగతులలో నన్ను పట్టుకొని వదలనిది ఒకటి ఉంది. కొన్ని బ్యాక్టీరియాలు తమ మీద దాడి చేసిన వైరస్ ముక్కను కొంచెం తెంచి తమ జన్యువులో దాచుకుంటాయి. మళ్లీ అదే వైరస్ వస్తే ఆ ముక్కతో పోల్చి గుర్తుపట్టి నరికేస్తాయి. ఆ గుర్తు బిడ్డలకు వస్తుంది, బిడ్డల బిడ్డలకు వస్తుంది. ఎన్నడూ దాడికి గురికాని కణం కూడా పుట్టుకతోనే అనుమానంతో పుడుతుంది. ఆ జ్ఞాపకం ఎలా నిలుస్తుందో, ఎప్పుడు చెరిగిపోతుందో ఆమె చూపింది. నా అనుమానం ఏ దాడి గుర్తు? మా అవ్వ విబూది పెట్టించుకొని పాముకాటుకు చనిపోయిందని నాయన చెప్పేవాడు. నేను ఆమెను చూడలేదు కూడా.

బత్తలపల్లిలో బస్సు ఆగింది. ఒక పెద్దావిడ గోనెసంచి కాళ్ల దగ్గర తోసి నా పక్కన కూర్చుంది, గొర్రెల వాసన, తమలపాకుల వాసన. "హనుమక్కా, మళ్లీ కూతురింటికేనా? అల్లుడు తిండి పెడతాండాడా లేదా?" అన్నాడు కండక్టర్. "వానికి నేనే పెడతాండా, టికెట్ కొట్టు" అందామె. తర్వాత డబ్బా వైపు చూసింది.

"డబ్బాలో ఏముండాదన్నా? చేపలా?"

"కాదు."

"గొర్రెల సూదిమందా? మా డాక్టరు ఇట్లాంటి దాంట్లోనే తెస్తాడు."

"మనుషుల మందు."

"ఏం మందు?"

అక్కడ ఆగవచ్చు. పుండుకు మందు అంటే సరిపోయేది. కానీ అడిగిన ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఇవ్వకపోతే నాకు నాలుక మీద ఏదో మిగిలిపోయినట్టు ఉంటుంది. "వైరస్" అన్నాను. "ఇందులో ఉన్నది వైరస్. అయితే ఇది మనుషులను..." ఆ రెండో వాక్యాన్ని ఎవరూ వినలేదు. హనుమక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని నడవలోకి దూకింది, ఆ వయసులో అంత చురుకు నేను ఊహించలేదు. "వైరస్ తెస్తాండాడంటప్పో!" అన్న ఆమె కేక బస్సు చివరిదాకా పోయింది. కొంగులు, తువ్వాళ్లు, ఒకరి చేతిలోని పత్రిక, అన్నీ ముక్కుల మీదికి లేచాయి. కండక్టర్ విజిల్ ఊదాడు, బస్సు చేల మధ్య ఆగింది.

"ఏం సార్, చదువుకున్నోని మాదిరి ఉండావు, బస్సులోకి కరోనా తెస్తావా? దిగు, దిగు."

"కరోనా కాదు. ఇది బ్యాక్టీరియాను మాత్రమే తింటుంది. మనిషిని ముట్టుకోదు."

"ఐసు ఏసి పెట్టినాడంటే బతికే ఉండాది కదప్పా అది!" వెనక సీటు నుంచి ఎవరో.

"ముట్టుకోదంట! దానికి చెప్పి పెట్టినాడంట!"

"మా ఇంట్లో ఇద్దర్ని తినింది" అన్నాడు డ్రైవర్ వెనక కూర్చున్న ఒక ముసలాయన, ఎవరికో చెప్పినట్టు కాకుండా, రోడ్డు వైపు చూస్తూ. ఆ మాటతో నా దగ్గరున్న వివరణలన్నీ చిన్నవైపోయాయి. అయినా మొదలుపెట్టాను, కణం గురించి, కణం మీది గుర్తుల గురించి, తాళానికి తగిన చెవి గురించి. యాభై ఏళ్లుగా చెప్పిన పాఠం, ఒక్క మాట కూడా తడబడలేదు, ఒక్క కొంగు కూడా దిగలేదు. "దిగు సార్, గలాటా వద్దు" అన్నాడు కండక్టర్, డబ్బా మీద చెయ్యి వేయడానికి భయపడి నా భుజం మీద వేశాడు. బయట ఎండ. నీడకు కంపచెట్టు తప్ప ఏమీ లేదు. డబ్బా అడుగు నుంచి నీళ్లు నా కాలి మీదుగా చెప్పులోకి కారుతున్నాయి. ఐసు ఎంత మిగిలి ఉందో, వెనక బస్సు ఎప్పుడో, మడమ.

"తీర్థం" అన్నాను.

కండక్టర్ నా భుజం మీది చెయ్యి తీశాడు.

"లేపాక్షి తీర్థం. నా భార్య కాలి పుండులో వైరస్ చేరిందన్నారు. వీరభద్రస్వామికి మొక్కుకొని తీసుకుపోతున్నాను. అదే చెప్పబోయాను, మీరు విననిస్తే కదా."

"అట్లా ముందే చెప్పొచ్చు కదా సామీ!" అన్నాడు కండక్టర్. సారు సామి అయ్యాడు. "మరి ఐసెందుకు?"

"చల్లగా ఉంచమన్నారు."

"ఎవురు?"

"పూజారి."

విజిల్ మోగింది, బస్సు కదిలింది. హనుమక్క కొంగు దించి వచ్చి కూర్చొని, డబ్బా మూత మీద రెండు అరచేతులు ఆనించి కళ్లకు అద్దుకుంది. "ఒక చుక్క ఇయ్యన్నా, మనవరాలికి దగ్గు తగ్గల్యా" అంది. ఇది ఒకరికే మొక్కిందని చెప్పాను. "సరే పో, పిసినారి సామి" అని ఆకు వక్క తీసి నములుతూ కిటికీలోంచి అవతలికి చూసింది. ఆమె చేతుల తడి మూత మీద రెండు గుర్తులుగా కాసేపు ఉండి ఆరిపోయింది.

తీర్థంలో ఏముంటుందో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపిన మనిషిని నేను. తిరునాళ్లలో బల్ల వేసి, జనాన్ని వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేత అద్దంలో చూపించాను. ఇవాళ నేను చెప్పిన నిజాలలో ఒక్కటీ ఈ బస్సులో నిలబడలేదు, చెప్పిన అబద్ధం మాత్రం కిటికీ పక్క సీటుతో సహా నన్ను నిలబెట్టింది. ఈ జనం మీద కోపం రావలసింది, రాలేదు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి: అబద్ధం చెప్పడానికి నేను తటపటాయించలేదు. ఆలోచించలేదు కూడా. పూజారిని సైతం సృష్టించాను. ఒక కాలు కోసం నేను ఇంత సులభంగా అబద్ధమాడగలిగితే ఇంకెవరైనా ఆడగలరు. ఆ ఆలోచనకు కొనసాగింపు ఎక్కడికో పోతోందని తెలుస్తోంది, కానీ దాని ముందు ఇంకొక బస్సు అడ్డం వచ్చింది, చాలా పాత బస్సు.

విడపనకల్లు నుంచి తిరిగి వస్తున్నాం. ఆ పక్క ఒక పల్లెలో కామెర్లకు నిమ్మరసం మంత్రించి ఇచ్చే సామి ఉండేవాడు. ఇంటర్ విద్యార్థులను తీసుకుపోయి, ఊరివాళ్ల ఒప్పుదలతోనే, సామి మంత్రించిన సీసాల్లో సగం తీసేసి మంత్రం లేని నిమ్మరసం సీసాలు పెట్టాం. ఎవరికి ఏది వెళ్లాలో నాణెం తేల్చింది. పంచినవాళ్లకూ తాగినవాళ్లకూ ఏది ఏదో తెలియదు. రెండు గుంపులూ ఒకే తీరుగా కోలుకున్నాయి. మంత్రానికి విలువ సున్నా. కరపత్రం అచ్చువేశాం, సామి ఊరు వదిలిపోయాడు, మా హేతువాద సంఘం దానిని చాలా ఏళ్లు చెప్పుకుంది. తిరుగు బస్సులో ముందు సీటు నుంచి హేమావతి వెనక్కి తిరిగింది, నూనె పెట్టి బిగించిన రెండు జడలు, గట్టి గొంతు.

"సార్, మంత్రం లేంది తాగినోళ్లలో ఎవురికన్నా ఎక్కువైంటే?"

"ఎవరికీ ఎక్కువ కాలేదు కదమ్మా."

"అయ్యింటే?"

"కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. మంత్రం ఏమీ చేయదని మనకు ముందే తెలుసు."

"ముందే తెలిస్తే పరీక్ష ఎందుకు సార్?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. తెలియని ఊరివాళ్లకు తెలియజెప్పడానికి అన్నాను, అది సరైన జవాబే, ఇప్పటికీ అదే చెబుతాను. అయితే ఈ తడి డబ్బా ఒడిలో పెట్టుకొని కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న వేరే కోణం నుంచి వచ్చి తగులుతోంది. తాయెత్తులు, నిమ్మకాయలు, విబూది, రాగి ఉంగరాలు: నేను ఇన్నేళ్లలో పరీక్షించినవన్నీ పనిచేయవని ముందే నమ్మినవే. పనిచేయని దాన్ని సగంమందికి ఇవ్వకపోతే ఎవరికీ నష్టం లేదు. నా పరీక్షలన్నీ ఖర్చులేని పరీక్షలు. పనిచేయవచ్చునని నేను లోలోపల అనుకున్న దాన్ని ఒక్కసారి కూడా రెండు సీసాలుగా విడదీయలేదు. ఇదే మొదటిది. ఫోనులో హేమావతిని రెండు సీసాలు అడిగినప్పుడు మాట్లాడిందంతా నేనే. ఒకే మనిషి, ఒకే పాదం, ఒకే జబ్బు, రెండు పుండ్లు, ఇంతకంటే శుభ్రమైన పోలిక ప్రకృతిలో దొరకదన్నాను. ఎంత ఉత్సాహంగా అన్నాను! ఈశ్వరికి ఆ సంగతి చెప్పలేదు. ఆ ఫేజ్ మీద నమ్మకం లేకనే అడిగానని ఇంతవరకు అనుకున్నాను. నమ్మకం లేకపోతే ఈ డబ్బాను రొమ్ముకు ఇలా ఎందుకు అదుముకుంటున్నాను?

లెక్క వేయడం నాకు వచ్చిన పని, వేద్దాం. డబ్బా ఇచ్చింది ముగ్గురు హేమావతులలో ఎవరో ఒకరు. మొదటి హేమావతి నా మాట అక్షరాలా పాటించింది, నాణెం ఎగరేసింది, అంటే మడమకు ఉప్పునీళ్లు పడే అవకాశం సరిగ్గా సగం. రెండో హేమావతి నాణెం మాట కల్పించి, మందును మడమకు, నీళ్లను వేలికి పెట్టింది. పరీక్ష చెడింది, కాలు మిగలవచ్చు. మూడో హేమావతి రెండు సీసాల్లోనూ మందే పోసి, దారాలు కట్టి, ఈ ముసలి సారు ముచ్చట తీర్చింది. మొదటి ఆమె శాస్త్రవేత్త. పత్రికలో నా గురించి ఆ మాట చెప్పింది ఆమే. మిగిలిన ఇద్దరూ శాస్త్రానికి ద్రోహం చేసినవారు. అలాంటివారు రాసిన వ్యాసాలను నేను నమ్మకూడదు. నమ్మకపోతే సీసాలో ఉన్నది పనిచేస్తుందని అనుకోకూడదు. ఎటు తిరిగినా ఏదో ఒకటి విరుగుతోంది. ఫోన్ తీసి ఆమెకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కాల్వలో ఉండి ఉంటుంది, ఫోన్ గట్టు మీద జీపులో ఉండి ఉంటుంది. లేదా చూసి కూడా ఎత్తకుండా ఉండి ఉంటుంది. మళ్లీ చేశాను. హనుమక్క దిగుతూ, "పుండు మానుతాదిలే సామీ, ఊరికే ఫోన్లు చేయాకు" అంది.

అనంతపురం గడియారం స్తంభం, సందులోకి మలుపు, ఆటో, మెట్లు. డాక్టర్ నాగేశ్వర చేతులకు తొడుగులు వేసుకొని సిద్ధంగా ఉన్నాడు. "తెచ్చినారా సార్? కట్టు విప్పి కడిగి పెట్టినాం, ఆలస్యం వద్దు" అన్నాడు. ఈశ్వరి దిండు మీద తల తిప్పి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమయ్యా, ప్యాంటు తడిపినావు? బస్సులో అంత భయపడినావా?"

నర్సు నవ్వు ఆపుకుంది. నేను డబ్బా తెరిచాను, ఐసు నీళ్లలో రెండు సీసాలు తేలుతున్నాయి, చెక్కుచెదరలేదు, ఎర్ర దారం, పచ్చ దారం, రెండింటిలోనూ ఒకే తేటదనం. వెలుతురుకు ఎత్తి చూశాను. ఏమీ తెలియలేదు. అప్పుడు ఈశ్వరికి చెప్పాను. రెండు వాక్యాల్లో చెప్పాను, కచ్చితంగా చెప్పాను.

"ఉప్పునీళ్లా?" అంది ఈశ్వరి. "నా కాలికా?"

"రెండిట్లో ఒకటి."

"తిరునాళ్లల్లో బల్లేసినంత కాలం ఏసినావు. ఇంగ నా కాలే దొరికిందా నీకు?" గొంతు పెంచలేదు. పైకప్పు వైపు చూసింది. "మడమకు ఏది?"

"తెలియదు."

"యెవురికి తెలుసు?"

"హేమావతికి."

జేబులో ఫోన్ మోగింది. హేమావతే. ఈశ్వరి చెయ్యి చాచింది. ఇచ్చాను.

"ఏమ్మా, తిన్నావా? ... ఇంగా కాల్వలోనే ఉండావా? ఎండ ఎట్లుండాదో చూసినావా? ... ఆ, వచ్చినాడు, తడిసి వచ్చినాడు. ... లేదులే, ఇప్పుడే పెడతాండారు. ... నువ్వు ముందు చేతులు బాగా కడుక్కొని తిను. ఆ. పెట్టేస్తాండా."

ఫోన్ దుప్పటి మీద పెట్టింది.

"ఏమన్నది?"

"తినలేదంట."

"సీసాల సంగతి?"

"నేనడగలా."

"ఎందుకు ఈశ్వరీ?"

"అడిగితే చెప్తాది. రెండూ మందే సారుకు చెప్పొద్దు అంటాది. లేదంటే మడమకు మందే అంటాది. ఏదో ఒకటి అంటాదిలే." నా వైపు తిరిగింది. "అది ఏం చెప్పినా, నువ్వు నమ్ముతావా?"

నమ్ముతాననడానికి ఒక్క మాట చాలు, బస్సులో తీర్థం అన్నంత సులభంగా అనవచ్చు, కానీ ఈమె ముందు ఆ మాట రాలేదు. డాక్టర్ మా ఇద్దరినీ చూసి, ఏది మడమకని అడిగాడు. ఎర్ర దారం అన్నాను. అతను దారం విప్పి పక్కన పెట్టాడు, తడిసిన పట్టు పళ్లెం అంచుకు అంటుకుంది. చుక్కలు పడుతున్నాయి, రంగు లేదు, వాసన లేదు, ఈశ్వరికి అవి పడుతున్నట్టు కూడా తెలియదు. ఆమె ఎడమ పాదం మాత్రం మంచం పట్టె మీద మెల్లగా తొక్కుతోంది, కుడిపాదం వంతు వచ్చినప్పుడు ఆగి, ఖాళీ వదిలి, మళ్లీ తొక్కుతోంది. లోకం మీద హేమావతికున్న ప్రభావాన్ని కొలిచే పట్టికలను ఇంత కాలం అనుమానించాను. ఇప్పుడు ఆ చుక్కల వైపు చూస్తూ నేను కోరుకుంటున్నది ఒక్కటే: కళ్యాణదుర్గంలో రెండేళ్లు నేను చెప్పినదంతా ఆ పిల్ల ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి ఉండాలని, పత్రికలో నా గురించి అన్నది ఉత్త మర్యాద అయి ఉండాలని, నాణెం మాట పచ్చి అబద్ధం అయి ఉండాలని. డాక్టర్ పచ్చ దారం విప్పుతున్నాడు.